సుత్తి - దాగలి: వేలు నటనలో శ్రోత పాత్ర

తెలుగు హాస్య విమర్శ ప్రధానంగా మాట్లాడే పాత్ర చుట్టూ తిరిగింది. శ్లేష, చమత్కారం, యాస, ఊతపదం మొదలైనవన్నీ వక్తకు చెందిన లక్షణాలు. వినే పాత్రకు ఆ చర్చలో దక్కిన చోటు స్వల్పం. సుత్తి వేలుగా ప్రసిద్ధులైన కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు (1947-2012) నటజీవితం ఈ లోటును గుర్తించడానికి తగిన ఆధారం. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రంగస్థలంపై నటించిన వేలు, జంధ్యాల దర్శకత్వం వహించిన ‘ముద్దమందారం’ (1981) ద్వారా చలనచిత్రాల్లోకి వచ్చారు. ఆయన హాస్యానికి మూలం చెప్పడంలో కంటే వినడంలో ఉందనీ, గంభీర పాత్రలకూ ఆ మూలమే బలమిచ్చిందనీ నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

‘నాలుగు స్తంభాలాట’ (1982)లో వీరభద్రరావు పాత్ర ఎడతెగకుండా మాట్లాడుతుంది. వేలు పాత్ర ఆ మాటల దెబ్బలు తింటుంది. ఈ చిత్రంతోనే ‘సుత్తి’ ఇద్దరికీ ఇంటిపేరయింది. విసుగు పుట్టించే ప్రసంగాన్ని ‘సుత్తి కొట్టడం’ అనడం జనవ్యవహారంలో స్థిరపడింది. అయితే ఈ బిరుదులో ఒక వైరుధ్యం ఉంది. సుత్తి వీరభద్రరావుది, వేలుది దాగలి స్థానం. కొట్టేవానికీ దెబ్బ కాచుకొనేవానికీ లోకం ఒకే పేరు పెట్టడం వల్ల రెండవవాని కళ మొదటివాని కళలో కలిసిపోయింది.

ఈ భేదానికి వారి పూర్వానుభవంలోనే బీజం ఉంది. వీరభద్రరావు విజయవాడ ఆకాశవాణిలో రూపొందిన నటుడు. అక్కడ కంఠమే సర్వస్వం. వినే పాత్ర మౌనం శ్రోతకు చేరదు. వేలు రంగస్థలం నుండి వచ్చారు. అక్కడ ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ నటుని శరీరం ప్రేక్షకుల కళ్లెదుటే ఉంటుంది. సన్నని దేహం, ముడుచుకొనే భుజాలు, తప్పించుకొనే దారి వెదికే చూపు వేలుకు సంభాషణతో సమానమైన సాధనాలు. ప్రసంగం ఎంత సుదీర్ఘమో ప్రేక్షకుడు గ్రహించేది వక్త నోటి నుండి కాదు, వేలు ముఖం నుండి.

తెలుగు కథన సంప్రదాయంలో శ్రోత నిష్క్రియుడు కాడు. ఇంట కథ చెప్పేవారికి ఊకొట్టేవారు కావాలి. బుర్రకథలో హాస్యపు వంత కథకుణ్ణి ప్రశ్నించి, ఆటపట్టించి కథను నడిపిస్తాడు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’లో గిరీశం వాగ్ధాటికి వెంకటేశం శ్రోత. ఆ శిష్యుడు సైతం గురువు వల్ల తనకు అబ్బింది చుట్ట కాల్చడం మాత్రమేనని తేల్చి చెప్పగలిగాడు. ‘నాలుగు స్తంభాలాట’లో వేలు పాత్రకు ఆ స్వేచ్ఛ లేదు. ఊకొట్టడం అక్కడ అంగీకారం కాదు, నిర్బంధం. ప్రేక్షకుని నవ్వులో జాలి కలిసేది ఇందువల్లనే.

టి. కృష్ణ దర్శకత్వం వహించిన ‘ప్రతిఘటన’ (1985)ను ఈ నేపథ్యంలో పునఃపరిశీలించాలి. అందులో వేలు మతి చలించిన కానిస్టేబుల్. హాస్యనటుడు తన పరిధి దాటి గంభీర పాత్ర ధరించాడని భావించడం పరిపాటి. నిజానికి అది అదే శ్రోత పాత్రకు మరొక దశ. అధికారపు మాటను విధిగా వినవలసిన ఉద్యోగి, వివేకం కోల్పోయాక మాత్రమే నిజం మాట్లాడగలిగాడు. మాట్లాడేవానికి పిచ్చివాడన్న ముద్ర ఉండడం వల్ల ఆ నిజం నవ్వుగా మొదలై అభియోగంగా ముగుస్తుంది. జంధ్యాల చిత్రంలో దెబ్బలు భరించిన దాగలి ఇక్కడ మోగింది.

వేలు ధరించిన పాత్రలన్నీ ఈ స్థాయివి కావు. 1988లో వీరభద్రరావు మరణంతో ఆ జంట విడిపోయింది. ఎదురుగా సమర్థుడైన వక్త లేని సన్నివేశాలలో వేలు వంటి శ్రోతకు అవకాశం కుంచించుకుపోవడం సహజం. తరువాతి సినిమాలలో, టెలివిజన్ ధారావాహికలలో ఆయన కనిపించినా, ఆయన మౌనానికి చోటిచ్చే రచన అరుదైంది. ఇది నటుని పరిమితి కంటే రచన పరిమితి. సంభాషణల పుస్తకాన్ని మాత్రమే ఆధారం చేసుకొనే హాస్య విమర్శకు వేలు కళ దాదాపు కనిపించదు. కాగితంపై ఆయన పాత్రకు దక్కేది ఒకటి రెండు పొడి మాటలు. వాటి మధ్య నిడివిని కూడా పాఠంగా చదివినప్పుడే తెలుగు హాస్య చరిత్రలో సుత్తితో పాటు దాగలికీ స్థానం లభిస్తుంది.