కొస ఎవరి చేతిలో ఉంది?

మొగల్తూరు, నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే ఆడవాళ్ల చేతులు గమనించండి. సూది వంకీ ఎప్పుడూ ఆఖరి కుట్టులోనే ఉంటుంది. దారం అందులోంచి లాగగానే కొత్త కుట్టు పడుతుంది, వంకీ దాన్లోకి మారుతుంది. వెయ్యో కుట్టు వెయ్యడానికి ఎవరూ మొదటి కుట్టు దగ్గరికి వెళ్లి వెతుక్కుంటూ రారు. లిస్ప్‌లో లూప్ రాసి జాబితా కట్టే కొత్తవాళ్లు మాత్రం తెలియకుండా సరిగ్గా ఆ పనే చేస్తుంటారు.

జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో మొదలుపెట్టిన భాష లిస్ప్. ఇందులో జాబితా అంటే రెండేసి గదులున్న పెట్టెల వరస. ఒక గది కార్, అందులో విలువ ఉంటుంది. రెండోది కుడర్, అందులో తర్వాతి పెట్టె చిరునామా ఉంటుంది. ఆఖరి పెట్టె కుడర్‌లో ఇక పెట్టెల్లేవని చెప్పే నిల్ ఉంటుంది. ఈ వింత పేర్లు అప్పటి ఐబీఎం 704 యంత్రం నుంచి వచ్చాయి. యంత్రం మూలపడి ఎన్నాళ్లో అయినా పేర్లు మాత్రం పోలేదు. కొత్త పెట్టె కట్టడాన్ని కాన్స్ అంటారు.

చిక్కంతా ఒక్కచోటే ఉంది. మన చేతిలో ఉండేది మొదటి పెట్టె చిరునామా. ముందువైపు చేర్చడానికి ఒక్క కాన్స్ చాలు. చివర చేర్చడానికి అపెండ్ వాడితే, అది పాత జాబితా మొత్తానికి నకలు తీసి, ఆ తర్వాత కొత్త పెట్టె తగిలిస్తుంది. లూప్‌లో ఇలా వెయ్యి విలువలు చేరిస్తే, నకలు తీసిన పెట్టెలే 4,99,500. పదివేలు చేరిస్తే దాదాపు 5 కోట్లు. పది అంశాలతో పరీక్షించినప్పుడు ఇదేమీ కనపడదు, ప్రోగ్రామ్ చకచకా నడుస్తుంది. అసలు సరుకు వచ్చి పడ్డాకే మొరాయిస్తుంది.

లిస్ప్ పాతకాపులు దీనికి తలకిందుల దారి పట్టారు. చివర చేర్చడం కష్టమైతే ముందువైపే చేర్చుకుంటూ పోదాం అన్నారు. 1, 2, 3ల వర్గాలు కావాలనుకోండి. ముందువైపు చేర్చే పుష్‌తో చేరిస్తే 9, 4, 1 అని తిరగబడి వస్తుంది. లూప్ అయ్యాక ఎన్‌రివర్స్ ఒక్కసారి పిలిస్తే 1, 4, 9. ఇది మామూలుగా కొత్త పెట్టెలు కట్టదు, ఉన్నవాటి కుడర్లనే వెనక్కి తిప్పుతుంది. కట్టేటప్పుడు ఒక నడక, తిప్పేటప్పుడు ఒక నడక, అంతే. నాకైతే ఈ పద్ధతే ఇష్టం. చదివేవాడికి ఒక్క చూపులో అర్థమవుతుంది, తప్పు దొర్లడం కష్టం.

రెండో దారి లేసు సూదిది. తల ఒక పేరులో, ఆఖరి పెట్టె ఇంకో పేరులో పెట్టుకోవడం. విలువ రాగానే ఆఖరి పెట్టె కుడర్‌లో కొత్త పెట్టె తగిలించి, కొస పేరును దాని మీదికి జరపాలి. ఖాళీ జాబితాకు ఆఖరి పెట్టె ఉండదు కాబట్టి మొదట ఒక ఉత్త పెట్టె పెట్టుకుని, పని అయ్యాక దాని కుడర్‌ను ఫలితంగా తీసుకుంటారు. లూప్ మధ్యలోనే జాబితా సరైన వరసలో కావాలంటే ఇదే గతి. ఇంటర్‌లిస్ప్ అనే లిస్ప్ రూపంలో టీకాంక్ అనే ఫంక్షన్ తలనీ కొసనీ ఒకే పెట్టెలో దాచి ఈ పని చేసిపెట్టేది.

కామన్ లిస్ప్‌లో ఇంత శ్రమ లేదు. లూప్ మాక్రోలో కలెక్ట్ అని రాస్తే చాలు, కొసను పట్టుకునే పని సాధారణంగా అదే లోలోపల చూసుకుంటుంది. ఆ భాషకు అమెరికా జాతీయ ప్రమాణం 1994లో వచ్చింది.

ఎన్‌రివర్స్‌తో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అది తిరిగి ఇచ్చినదాన్ని మళ్లీ అదే పేరులో పెట్టుకోకపోతే, పాత పేరు ఇంకా 9 ఉన్న పెట్టెనే చూపిస్తుంటుంది. ఆ పెట్టె ఇప్పుడు ఆఖరిది. మూడు విలువల జాబితా అడిగితే చాలా అమలుల్లో 9 ఒక్కటే కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో కొటేషన్ గుర్తు పెట్టి నేరుగా రాసిన స్థిర జాబితా మీద దీన్ని అసలే ప్రయోగించకూడదు. లూప్‌లో మనం కట్టుకున్న పెట్టెలనైతే నిర్భయంగా తిప్పుకోవచ్చు.