విజయాల పేజీలో లేని పేర్లు

పోయిన ఏడాది నేను చదువుకున్న హైస్కూలు పూర్వ విద్యార్థినుల సంఘం వాళ్ళు ఫోన్ చేశారు. ప్రత్యేక సంచిక వేస్తున్నారట. "నువ్వు సాహిత్యంలో డాక్టరేట్ చేశావు కదా, మన బడి సాధించిన విజయాల మీద నాలుగు పేజీలు రాసిపెట్టు" అన్నారు. సరేనన్నాను. పాత వార్షిక సంచికలు పంపమని అడిగితే ఒక అట్టపెట్టె నిండా పంపారు. వారం రోజులు అవే చదివాను. చదివాక, వాళ్ళడిగిన నాలుగు పేజీలు రాయలేనని అర్థమైంది. వాటికి బదులుగా రాస్తున్నది ఇది.

బడి వార్షిక సంచికని ఎవరూ రచనగా పరిగణించరు. గ్రూపు ఫొటోలో మనమెక్కడున్నామో వెతుక్కుని పక్కన పడేస్తాం. కానీ ఒక సంస్థ తన గురించి తను ఏమనుకుంటోందో ఇంత నిర్మొహమాటంగా బయటపెట్టే రచన మరొకటి ఉండదని నాకిప్పుడు అనిపిస్తోంది. బిషప్ గారి ఆశీస్సులు, హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ నివేదిక, పదో తరగతి ఫలితాలు, ఖోఖో, త్రోబాల్ కప్పులు, గైడ్స్‌కి వచ్చిన రాజ్యపురస్కారాలు, వ్యాసరచన, వక్తృత్వం, సైన్సు ఫెయిరు. ఏటా అవే శీర్షికలు, అదే వరస. ఎవరి పేరు రాయాలి, ఎవరిని లెక్కగా చెప్పాలి, ఎవరిని గుంపుగా చూపాలి అన్నదానికి అందులో కచ్చితమైన వ్యాకరణం ఉంది. నేను మాట్లాడదలుచుకున్నది ఆ వ్యాకరణం గురించి.

ముందు మా బడి గురించి రెండు మాటలు. తెలుగులో 'కాన్వెంటు' అన్న మాట ఎప్పుడో తన అసలు అర్థాన్ని పోగొట్టుకుంది. కన్యస్త్రీలు ఉండే మఠం అన్న అర్థం పోయి ఇంగ్లీషు మీడియం బడి అన్నది మిగిలింది. వీధి చివర రేకుల షెడ్డులో, సిస్టర్ అన్న మనిషే లేనిచోట నడిచే బడి కూడా మనకి కాన్వెంటే. నిజంగా మఠం ఉన్నచోట మాత్రం చాలాసార్లు ఒకే ప్రహరీ లోపల రెండు బళ్ళుంటాయి. ఒకటి ఫీజులు కట్టేవాళ్ళ ఇంగ్లీషు మీడియం. రెండోది ఎయిడెడ్ తెలుగు మీడియం, మా వైపు ఆర్.సి.ఎం. బడి అంటాం. దానికి ఆనుకుని ఆడపిల్లల హాస్టలు. మా బడీ అలాంటిదే. మధ్యలో లూర్దుమాత గుహ, అటూ ఇటూ రెండు బళ్ళు. మధ్యాహ్నం పన్నెండుకి త్రికాల జపం గంట కొడితే రెండు వైపులా నిలబడేవాళ్ళం. నేను ఇంగ్లీషు మీడియం. మాది క్రైస్తవ కుటుంబం కాదు కాబట్టి జ్ఞానోపదేశం పీరియడులో మమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టి నీతిబోధ చెప్పేవారు. హాస్టలు పిల్లల్లో ఎక్కువమంది చుట్టుపక్కల మాలపల్లెల నుంచీ, మాదిగపల్లెల నుంచీ వచ్చిన కతోలిక పిల్లలు.

ఇప్పుడు సంచికలోకి వద్దాం. ఇంగ్లీషు మీడియం పిల్లల విజయాలు పేరు, తరగతి, సెక్షన్, వచ్చిన మార్కులతో సహా ఉంటాయి. పాస్‌పోర్టు సైజు ఫొటో కూడా ఉంటుంది. హాస్టలు పిల్లల ఫొటోలూ ఉంటాయి. అయితే వాటి కింద వ్యాఖ్య "మా హాస్టలు బాలికలు పరిశుభ్రతా కార్యక్రమంలో", "మా హాస్టలు బాలికల క్రిస్మస్ గీతాలాపన" అని. సంవత్సరం మారుతుంది, పిల్లలు మారతారు, వ్యాఖ్య మారదు. 'మా' అన్న మాట ఇంగ్లీషు మీడియం పిల్లల పక్కన కనిపించదు. అక్కడ బిడ్డ పేరు, తండ్రి పేరు, తండ్రి ఉద్యోగం వేరువేరుగా ఉంటాయి. ఇక్కడ సర్వనామం, సమూహం. 'మా' అనడంలో ప్రేమ ఉందనుకోవచ్చు. సొంతదారు గొంతు కూడా ఉంది.

2003 సంచికలో నా ఫొటో ఉంది. తొమ్మిదో తరగతిలో వ్యాసరచనలో ప్రథమ బహుమతి. విషయం 'శ్రమ గౌరవం'. ఆ వ్యాసంలో ఏం రాశానో గుర్తులేదు. గాంధీగారిని తప్పకుండా ఉటంకించి ఉంటాను. నేను కప్పు అందుకుంటున్న ఆ వేదికని పొద్దున్న ఊడ్చి, జంపఖానాలు పరిచి, సాయంత్రం సర్దినవాళ్ళు హాస్టలు పిల్లలు. మరుసటి పేజీలో వాళ్ళ ఫొటో ఉంది, చీపుళ్ళతో. ఆ రెండు పేజీలూ ఎదురెదురుగా ఉండడం ఆనాడు ఎవరికీ, ముఖ్యంగా నాకు, వింతగా అనిపించలేదు.

ఆడపిల్లల కతోలిక బడి గురించి సాహిత్యంలో వెతికేవాళ్ళకి ముందుగా దొరికేది ఆంటోనియా వైట్ నవల 'ఫ్రాస్ట్ ఇన్ మే'. 1933లో వచ్చింది. చాలాకాలం మరుగునపడి ఉంటే 1978లో విరాగో స్త్రీల ప్రచురణ సంస్థ తన 'మోడరన్ క్లాసిక్స్' వరసని ఈ నవలతోనే మొదలుపెట్టింది. తండ్రి మతం మారి కతోలికుడైతే, తొమ్మిదేళ్ళ నాండా ఇంగ్లండులోని ఒక మఠపు బడిలో చేరుతుంది. చుట్టూ యూరప్ సంపన్న వంశాల పిల్లలు. తను మధ్యతరగతి పిల్ల, పైగా పుట్టు కతోలికురాలు కాదు. అక్కడ వారం వారం ప్రవర్తనకి కార్డులిస్తారు. మంచి పిల్లలకి రంగు రిబ్బన్లు. ఉత్తరాలు సిస్టర్లు చదివాకే బయటికి వెళతాయి. నాండా రహస్యంగా నవల రాయడం మొదలుపెడుతుంది. పాత్రలన్నిటినీ ముందు పాపుల్ని చేసి చివర్లో అద్భుతంగా పరివర్తన చెందించాలని ఆమె పథకం. పాపాల దగ్గరుండగానే రాతప్రతి దొరికిపోతుంది. తండ్రి అది చదివి కూతుర్ని అసహ్యించుకుంటాడు. ఆమె సంకల్పాన్ని విరిచి మళ్ళీ సరిచేయడం అవసరమైందని మఠాధికారిణి చెబుతుంది. నాండా ఆ బడి వదిలి వెళ్ళాల్సి వస్తుంది.

నేను ఎం.ఏ. చదివేటప్పుడు ఈ నవల మీద పిచ్చిప్రేమ పెంచుకున్నాను. ఆడపిల్ల రాత పట్ల పితృస్వామ్యానికి ఉండే భయాన్ని ఇంత స్పష్టంగా చూపిన నవలలు తక్కువ. సిస్టర్ల చేత శిక్ష వేయించి చివరి దెబ్బ తండ్రి చేత కొట్టించడంలో రచయిత్రి చూపిన వివేకం ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఎనిమిదో తరగతిలో నా నోటుబుక్కు వెనకాల రాసుకున్న కవితని సిస్టర్ చించేసిన రోజు గుర్తొచ్చి, నన్ను నేను నాండాలో చూసుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు కాన్వెంటు చదువు గురించి ఎక్కడ మాట్లాడినా నాండా గొంతుతోనే మాట్లాడాను. సంకల్పం విరిగిన పిల్లని నేనే.

అందులో అబద్ధం లేదు. కానీ నాండా జాబితాలో పేరున్న పిల్ల. రిబ్బను ఇచ్చి తీసుకోబడిన పిల్ల. రిబ్బను ఇచ్చే వరసలో అసలు నిలబెట్టని పిల్ల కథ అది కాదు.

ఆ రెండో కథ బామ రాసింది. తమిళంలో 1992లో వచ్చిన 'కరుక్కు'. కరుక్కు అంటే తాటిమట్టకి రెండు వైపులా ఉండే రంపపు అంచు. దళిత కతోలిక కుటుంబంలో పుట్టి, మఠం వాళ్ళ బళ్ళలో చదివి, టీచరై, తన పల్లె పిల్లలకి ఉపయోగపడాలని తనే కన్యస్త్రీగా చేరి, ఆ మఠం నడిపేది డబ్బున్నవాళ్ళ బడి అని తెలుసుకుని బయటికి వచ్చిన మనిషి కథ. ఆ బళ్ళలో ఊడ్చడం, కక్కసులు కడగడం దళితుల పనిగా ఉండడం ఆమె చూసింది. దళిత స్త్రీలని చేర్చుకోని సభలున్నాయని విన్నది. ఇందులో విజయం గురించిన ఒక ఘట్టం ఉంది. పరీక్షల్లో హరిజన విద్యార్థుల్లో ప్రథమంగా వచ్చినందుకు ఆమె పేరు అసెంబ్లీలో పిలుస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. ఆమె సంతోషపడుతుంది. మనమెందుకు చదవలేం అన్న ధైర్యం వస్తుంది. కానీ ఆ విజయానికి ముందు కులం పేరు తగిలించే ఉంది. చప్పట్లూ నిజమే, తగిలింపూ నిజమే. పుస్తకం పేరు పెట్టడంలో బామ ఎంత ఆలోచించిందో ఈ ఒక్క ఘట్టం చాలు చెప్పడానికి.

నేను ఈ రెండు పుస్తకాలనీ పక్కపక్కన పెట్టి, మా బడి సంచికని మధ్యలో పెట్టి, ఒక విమర్శ వ్యాసం దాదాపు పూర్తిచేశాను. చీపుళ్ళ ఫొటో దానికి కేంద్రం. అచ్చుకి పంపే ముందు ఆ ఫొటోలో ఉన్న ఒకామెకి ఫోన్ చేశాను. క్రిస్మస్ పాటల బృందంలో మేమిద్దరం పక్కపక్కన నిలబడి పాడేవాళ్ళం. ఆమె గొంతు ముందు నా గొంతు వినిపించేది కాదు. ఇప్పుడామె ఉద్యోగం చేస్తోంది. వ్యాసం మొత్తం చదివి వినిపించాను.

అంతా విని, "ఊడ్చిన మాట నిజమే. ఇంట్లో ఉంటే ఊడ్చేదాన్ని కాదా? ఇక్కడ ఊడ్చాక చదివించారు" అంది. "మా అక్కకి పదమూడో ఏట పెళ్ళి చేశారు. నాకు చెయ్యకపోవడానికి ఆ హాస్టలే కారణం. నువ్వు బడిని తిట్టాలనుకుంటే నీ పేరు మీద తిట్టు."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె వినలేదు.

"నాకు కోపం ఊడ్చినందుకు కాదే. పదిలో మా తెలుగు మీడియంలో నేను ఫస్టు. 2004 బుక్కు నీ దగ్గరుందిగా, అదెక్కడ రాశారో చూసి చెప్పు."

చూశాను. ఇంగ్లీషు మీడియంలో మొదటి పదిమంది ఫొటోలున్నాయి. నాదీ ఉంది, ఏడో స్థానంలో. తెలుగు మీడియం గురించి ఒకే వాక్యం: అందరూ ఉత్తీర్ణులయ్యారని. పేర్లు లేవు. ఆ నూటికి నూరు శాతం ఎలా వచ్చిందో కూడా ఆమే చెప్పింది. చదువులో వెనకబడ్డ నలుగురి చేత ప్రైవేటుగా పరీక్ష కట్టించారట. అంటే వాళ్ళు ఆ ఒక్క వాక్యంలో కూడా లేరు.

ఆ రోజు నా వ్యాసం చించేశాను. బడి చేసిన పనే నేనూ చేశాను. ఆ సంచికల్లో ఆమెని వెతకాల్సి వచ్చినప్పుడు చీపురు ఉన్న పేజీలోనే వెతికాను. ఫలితాల పేజీలో ఆమె ఉండాలి కదా, ఎందుకు లేదు అని అడగడం నాకు తట్టలేదు. బడి ఆమె శ్రమని 'సేవ'గా చూపింది, నేను 'అణచివేత'గా చూపాను. ఇద్దరం ఆమె మార్కులు చూడలేదు. బామ పుస్తకాన్ని పాఠ్యాంశంగా చెప్పేటప్పుడు కూడా నేను అవమానాల ఘట్టాల దగ్గరే ఎక్కువసేపు ఆగేదాన్ననీ, అసెంబ్లీలో చప్పట్ల దగ్గర తొందరగా పేజీ తిప్పేదాన్ననీ ఇప్పుడు తెలుస్తోంది. దళిత స్త్రీల రచనలని మనం బాధల చిట్టాగా మాత్రమే చదవడం మనకి సౌకర్యంగా ఉంటుంది. బాధ పట్ల మనం సానుభూతి చూపవచ్చు. విజయమైతే మన ఏడో స్థానాన్ని ప్రశ్నిస్తుంది.

పేర్లు లేకపోవడం గురించి ఇంత రాస్తూ ఆమె పేరు రాయకపోవడం విడ్డూరంగా తోచవచ్చు. వద్దన్నది ఆమే. దానికి కారణముంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కాని దళితుల్ని ఎస్.సి. జాబితా బయట ఉంచింది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ చోటిచ్చారు. క్రైస్తవులకీ ముస్లింలకీ ఇవ్వలేదు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన దళితులు బి.సి.-సి కింద, ఒక శాతం రిజర్వేషన్‌లో ఉంటారు. అందుకే ఎన్నో కుటుంబాల్లో బడి రికార్డులో ఒక పేరు, జ్ఞానస్నానం రిజిస్టరులో ఒక పేరు. విజయాల పేజీలో పేరు వేయించుకోవడం నాకు ముచ్చట. ఆమెలాంటి ఎందరికో ఏ పేరు వేయించుకోవాలన్నది కూడా ఒక ప్రశ్న. స్త్రీవాదం 'మా పేరు మాకు కావాలి' అని చాలాకాలంగా అంటూ వచ్చింది. ఒకే పేరుతో బతకగలగడం ఎవరి సౌకర్యమో అంతగా అడగలేదు.

సిస్టర్ల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. వాళ్ళు కూడా పుట్టినపేరు వదులుకుని వచ్చినవాళ్ళే. సంచిక మొదటి పేజీ బిషప్ గారిది, రెండో పేజీ ఫాదర్ గారిది. బడిని పొద్దున్న నాలుగున్నర నుంచి రాత్రి దాకా నడిపిన స్త్రీ మూడో పేజీలో కనిపిస్తుంది. బదిలీ కాగితం వస్తే ఒక పెట్టెతో వెళ్ళిపోతుంది. ఆమె పూజ చేయలేదు, పాపసంకీర్తనం వినలేదు. హాస్టలు పిల్లకి పెళ్ళి తప్పించిందీ, ఆమె ఫస్టు ర్యాంకుని ఒక వాక్యంలో కలిపేసిందీ ఆ సిస్టరే. ఈ రెండింటినీ ఒకే మనిషి పనులుగా చదవగలగాలి. ఒకటి చూపించి రెండోది దాచే విమర్శ నాకిక అక్కర్లేదు.

సంఘం వాళ్ళకి నాలుగు పేజీల బదులు ఒక ఉత్తరం రాశాను. తెలుగు మీడియం పాత మార్కుల రిజిస్టర్లు బడి ఆఫీసులో ఉండే ఉంటాయి. ఏటా మొదటి పదిమందికి కబురు పెట్టి, ఇష్టపడ్డవాళ్ళ పేర్లు, వాళ్ళు కోరిన పేరుతో, ఈ సంచికలో వేయమని అడిగాను. నా ఏడో స్థానం ఫొటో తీసేసినా అభ్యంతరం లేదన్నాను. "పేజీలు సరిపోవేమో, కమిటీలో మాట్లాడతాం" అని జవాబొచ్చింది. ఆ సంగతి ఫోన్‌లో చెబితే నా స్నేహితురాలు నవ్వింది. "నాకు వచ్చింది నాలుగు వందల తొంభై ఎనిమిది. నీకెన్ని?" అని అడిగింది. నాకు వచ్చినవి నాలుగు వందల ఎనభై ఒకటి. ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి మేమిద్దరం మార్కులు పోల్చుకున్నాం.