ఎవరూ కూర్చోని కుర్చీ

ఈ వారం చూసిన పరిషత్తు నాటకంలో తెర లేవగానే ప్రాణం ఉసూరుమంది. వేదిక నడిమధ్య మూడు సీట్ల సోఫా, ముందు టీపాయ్, దాని మీద ప్లాస్టిక్ పూలు, ఓ మూల ఫ్రిజ్. ఆ ఫ్రిజ్ తలుపు చివరిదాకా ఎవరూ తీయలేదు. తండ్రితో తెగతెంపులు చేసుకుని విసురుగా వెళ్లాల్సిన కొడుకు టీపాయ్ చుట్టూ తిరిగి వెళ్లాడు. ఆవేశమంతా అక్కడే చల్లారిపోయింది.

నటుడు ముట్టుకోని వస్తువు వేదిక మీద ఉండకూడదన్నది నా పాత పాటే, మీకు తెలిసిందే. కూచిపూడి భామాకలాపంలో ఇద్దరు పట్టుకున్న తెర, దాని మీంచి ఇవతలికి వేసిన జడ చాలు. ముఖం కనపడకముందే సత్యభామ అతిశయం మనకు తెలిసిపోతుంది.

మా ఊళ్లో కన్యాశుల్కం ఆడించిన మాస్టారు మధురవాణి ఇంటికి ఒక్క మంచమే వేయించారు. దాంతోనే ఓ సాయంత్రమంతా కుస్తీ పట్టారు. రామప్పంతులు, గిరీశం ఇద్దరూ దాని కిందే దూరాలి, పూటకూళ్లమ్మ చీపురుకట్ట అక్కడికే రావాలి. మామూలుగా వేస్తే జనానికి దుప్పటి అంచు తప్ప ఏమీ కనపడదు. మాస్టారు దుప్పటి పైకి మడిపించి, కోళ్ల కింద ఇటుకలు పెట్టించి, మంచాన్ని కాస్త ఏటవాలుగా తిప్పించారు. చీపురు ఆడేందుకు జాగా వదిలారు. తర్వాత వెళ్లి జనం కూర్చునేచోట అన్నిటికన్నా వెనక నేల మీద కూర్చుని చూశారు. "ఇక్కడున్నవాడికి కింద రెండు ముఖాలూ కనపడాలిరా" అన్నారు. ఆ రాత్రి పుట్టిన నవ్వులో గురజాడ మాటలతో పాటు ఆ ఇటుకలకూ వాటా ఉంది.

అలాగని ఈ వారం నాటకంలో సామానంతా ఊడ్చేయమంటానా? అనను. గోడవారగా ఓ పడక్కుర్చీ ఉంది. పోయిన తాతగారిది. అందులో ఎవరూ కూర్చోలేదు, చెయ్యైనా వేయలేదు. కానీ ఆ దారిన ఎవరు వెళ్లినా అడుగు నెమ్మదించింది. పెద్ద కోడలైతే కొంగు సర్దుకుంది. ఫ్రిజ్ అక్కడున్న సంగతి నటులకు పట్టలేదు. కుర్చీ ఉన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ముట్టుకోవడం కాదు, ఎరిగి ఉండటం ముఖ్యం. నా పాట ఇకనుంచి ఇదే.

దర్శకులకో మనవి. సామాను ప్రదర్శన రోజున తెచ్చి పడేయకండి. కుర్చీ అయినా, మంచమైనా మొదటి రిహార్సల్ నుంచే పెట్టి ఆడించండి. పరిషత్తువాళ్లు ఇచ్చారు కదా అని సోఫా వేయకండి. మీ కథకు అక్కర్లేకపోతే దాన్ని తెర వెనకే ఉంచేయండి.