హైమన్‌డార్ఫ్ పనితనం

చంద్రపూర్‌లోనైనా, సరిహద్దుకు ఇవతల ఆసిఫాబాద్‌లోనైనా ఇద్దరు గోండులు కలిస్తే ముందు ఇంటిపేర్లు చెప్పుకుంటారు. ఆత్రం, మడావి, కుమ్ర, సిడాం, మెస్రం. పేరు చెవిన పడగానే ఎదుటివాడు ఎన్ని వేల్పులను కొలిచే శాఖవాడో, వియ్యమందవచ్చో కూడదో తేలిపోతుంది. చాందా (నేటి చంద్రపూర్) రాజులదీ ఆత్రం వంశమే. ఇంటిపేరుకు ఇంత విలువిచ్చే జనం మధ్యకు 1940ల్లో ఒక జర్మన్ ఇంటిపేరు వచ్చి చేరింది: ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్.

న్యూరెంబర్గ్ దగ్గర హైమన్‌డార్ఫ్ అనే పల్లె ఉంది. ఆ ఊరి నుంచి వచ్చిన ఈ ఇంటిపేరుతో చరిత్రకెక్కిన క్రిస్టోఫ్‌లు ముగ్గురు కనిపిస్తారు. మొదటాయన (1541–1610) ఈజిప్టు, సినాయ్, పాలస్తీనాలు తిరిగాడు. ఆ యాత్రా కథనం ఆయన పోయాకే అచ్చయింది. రెండో ఆయన (1663–1732) కవి, న్యూరెంబర్గ్ కవుల సంఘానికి అధ్యక్షుడు. మూడో ఆయన 1909లో వియన్నాలో పుట్టి 1995లో లండన్‌లో కన్నుమూసిన మానవశాస్త్రవేత్త. మనకు కావలసినవాడు ఈయనే.

నివాళి వ్యాసాలన్నీ ఆయన్ని గోండుల పాలిటి దేవుణ్ణి చేశాయి. నాకు మాత్రం పనివాడిగానే నచ్చుతాడు.

1939లో హైదరాబాద్ వచ్చాడు. అంతలో యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి శత్రుదేశస్థుడి కింద లెక్క. నిజాం రాజ్యం దాటి వెళ్లే వీల్లేదు. ఆ నిర్బంధంలోంచే చెంచులపై (1943), కొండరెడ్లపై (1945), రాజ్‌గోండులపై (1948) పుస్తకాలు వచ్చాయి.

రాజ్‌గోండుల పుస్తకంలో, గోండుల కథాగాయకులైన పర్ధానులకిచ్చిన చోటు చూడండి. పర్ధాను ఇంట్లో మాట్లాడేది మరాఠీ. కింగ్రి వాయిస్తూ తన దాతల వేల్పుల కథ చెప్పేది గోండిలో. హైమన్‌డార్ఫ్ ఆ కథలను రెండు వాక్యాల సారాంశంగా కుదించి వదిలేయలేదు. కథకు కావలసినంత చోటిచ్చి, దాని పక్కనే అదే కథను ఆచరించే క్రతువును పెట్టాడు. పెర్సాపేన్ అంటే మనకు పెద్దదేవుడనే మాట ఒక్కటే తెలుసు. ఆయన మాత్రం ఇనుప బల్లెపు మొనను, చామరాన్ని వేర్వేరుగా చూపించి, వాటిని మోసేదెవరు, కడిగేదెవరు అన్నదాకా రాశాడు. అక్కడ విశేషణం ఒక్కటీ కనబడదు.

గోండుల తిరుగుబాటు నాయకుడు కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక గోండుల గోడు ఏమిటో తేల్చమని నిజాం ప్రభుత్వమే ఈయన్ని పిలిచింది. మార్లవాయి అనే గోండు పల్లెలో గుడిసె వేసుకున్నాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలిసింది. నాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. భూములకు పట్టాలొచ్చాయి. సర్కారు మనిషిగానే ఇదంతా చేశాడన్న విమర్శ ఉంది, అదీ నిజమే.

అసలు పనితనం 1982లో వచ్చిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’లో కనిపిస్తుంది. మూడు దశాబ్దాల తర్వాత తన పాత పల్లెలకే తిరిగివెళ్లి, నాటి పట్టాలు నేడు ఎవరి చేతిలో ఉన్నాయో ఒక్కొక్కటిగా తీశాడు. ఫలానా ఊరు, ఫలానా రైతు, ఫలానా ఏట ఫలానావాడికి పోయింది. తహసీల్దారు నివేదికలా పొడిగా ఉంటుంది. ఆ పొడిదనమే దాని బలం. కన్నీళ్లు కలిపి రాసి ఉంటే అందులోని ఏ మాటా కోర్టులో నిలబడేది కాదు.

ఈ పనిలో సగం భార్య బెట్టీ ఎలిజబెత్‌దే. 1979 నాటి గోండుల పుస్తకంపై ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వారి కొడుకు నికొలస్‌ను గోండులు మార్లవాయి పెద్ద పేరుతో లచ్చు పటేల్ అని పిలుచుకున్నారు. 1987లో ఆమె హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి కట్టారు. తర్వాత ఆయన అస్థికలూ ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరి 11న అక్కడ ఆ దంపతుల వర్ధంతి జరుపుతారు. చంద్రపూర్ నుంచి రాజురా, ఆసిఫాబాద్‌ల మీదుగా వెళ్లేవారు, పూలదండ తీసుకెళ్లడంతో పాటు 1982 పుస్తకంలోని భూముల అధ్యాయం కూడా చదువుకుని వెళ్లండి.