సభకు ముందు కొన్ని ప్రశ్నలు

ఏదైనా సభకు పిలుపొస్తే వక్తలెవరని నేను అడగను. హాల్లో ట్యూబ్‌లైట్లు పాతవా, కొత్తవా? స్పీకర్లు ఏ వైపు పెడతారు? టీలు లోపలే ఇస్తారా, వరండాలోనా? ఇవీ నా ప్రశ్నలు. అవతల ఫోనెత్తినవాళ్లు నన్ను ఎలక్ట్రీషియన్ అనుకున్న సందర్భాలూ ఉన్నాయి.

నాకు ఆటిజం ఉంది. ఆ మాట చెప్పగానే ‘అది చిన్నపిల్లలకు కదండీ’ అంటారు. థెరపీ సెంటర్ల బోర్డుల మీద పిల్లల బొమ్మలే ఉంటాయి మరి, అలా అనుకోవడంలో వింతేముంది? ఆ పిల్లలు పెరిగి పెద్దయితే ఎక్కడ కూర్చుంటారన్నదే నా పేచీ.

పాత చోక్‌తో వెలిగే ట్యూబ్‌లైటు సంగతి చూడండి. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు కాబట్టి ఆ వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. చాలామంది కంటికి అది ఆనదు. నాకు మాత్రం కాసేపటికే పేజీ మీద అక్షరాలు కుదురుగా నిలవవు. దానికి తోడు చోక్ గుంయ్‌మని మోగుతుంటే, నా చెవి దాన్నీ వక్త మాటనూ ఒకే మర్యాదతో లోపలికి పిలుస్తుంది. మైకు కూత పెడితే ఇక చెప్పక్కర్లేదు. అందరిదీ ఇదే బాధ అనుకోకండి. నాలాంటివాళ్లలోనే డప్పు పక్కన నిలబడితే తప్ప కుదుటపడని మిత్రుడొకరున్నారు. 2013లో వచ్చిన మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5, ఇంద్రియ స్పందన అతిగా ఉండటాన్నీ, బాగా తక్కువగా ఉండటాన్నీ రెంటినీ ఆటిజం లక్షణాల్లో చేర్చింది.

లైట్లు, చప్పుళ్ల గురించి నేను రాసిన ఉత్తరం చదివి ఒక హాలు కార్యదర్శి, ‘ర్యాంపు వేయించాం గదండీ!’ అన్నారు. వేయించారు, నిజమే. దానికోసం ఏళ్ల తరబడి కొట్లాడినవాళ్ల పుణ్యమే నేనివాళ అడగగలగడం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. అయితే అందుబాటు కోసం కేంద్రం పెట్టిన ప్రమాణాలు పాటిస్తే సరే, లేకున్నా సరే అన్నట్టు ఉండిపోయాయి. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఈ సంగతే ఎత్తిచూపి, తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలు మూడు నెలల్లో తెమ్మంది. ఆ కేసులో క్షేత్ర పరిస్థితులు పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని అధ్యయన కేంద్రం. ఎవరో వచ్చి అడిగాక సర్దుబాటు చేయడం వేరు, ఎవరూ అడగకముందే అందుబాటులో ఉంచడం వేరని కోర్టు విడమరిచి చెప్పింది. నా ఉత్తరాల్లో ఎక్కువగా వాడుకునేది ఆ భాగమే.

ఒకచోట నా ఇబ్బంది విని ‘ప్రశాంత గది’ అని బోర్డు పెట్టారు. తలుపు తీస్తే విరిగిన కుర్చీలు, నిరుటి ఫ్లెక్సీలు. దులిపి శుభ్రం చేసినా నాకది వద్దు. విమానాశ్రయం లాంటి పెద్ద చోట అలాంటి గది అక్కరకొస్తుంది. రెండొందల కుర్చీల హాల్లో మాత్రం నన్ను బయటికి పంపే మర్యాద అది. ఒక వరుస లైట్లు ఆర్పేయండి, తలుపు దగ్గర నాలుగు కుర్చీలు వదలండి, స్పీకరు గొంతు కాస్త తగ్గించండి. వచ్చిన వృద్ధులు కూడా సంతోషిస్తారు.

అమెరికాలో ఆటిజం ఉన్నవాళ్లే 1996 నుంచి నడుపుకున్న ఆట్రీట్ శిబిరాల్లో రంగు బిళ్లలు వాడేవారు. ఎరుపు పెట్టుకుంటే పలకరించొద్దని, పసుపైతే తెలిసినవాళ్లు మాత్రమే రావచ్చని. మన దగ్గర ఎర్ర బిళ్ల పెట్టుకుంటే, అదేమిటండీ అని అడగడానికే పదిమంది వస్తారు. అందుకే ఆ కోరిక వాయిదా వేశాను.

ఈమధ్య ఒక గ్రంథాలయ కమిటీకి రాసిన ఉత్తరంలో ఒకే సంగతి గట్టిగా అడిగాను: ఎన్ని గంటలకు ఏం జరుగుతుందో కార్డు మీద అచ్చు వేసి, దానికి కట్టుబడండి. ఆరింటి సభ ఏడున్నరకు మొదలై, నడుమ చెప్పాపెట్టకుండా సన్మానమూ బాజాలూ వచ్చిపడితే, అంతవరకు కూడగట్టుకున్న ఓపిక అక్కడే అయిపోతుంది. కమిటీవారు మర్యాదగానే బదులిచ్చారు. చోకులన్నీ మార్పిస్తారట. శాలువాల కార్యక్రమం ఎంతసేపన్నది మాత్రం అధ్యక్షులవారి ఇష్టమట.