బాలరచనలందుఁ గర్తృలోపము

ప్రాథమిక పాఠశాలలలోఁ బరిసరాల విజ్ఞానము నేఁడొక పాఠ్యవిషయము. పర్యావరణవిద్య నిర్బంధముగా నుండవలయునని సర్వోన్నత న్యాయస్థానము 1991లో నాదేశించి, 2003లో మరల దానిని దృఢపఱచెను. దీనికిఁ దోడుగా, వార్తాపత్రికఁ జదివి యభిప్రాయము వ్రాయుఁడని పిల్లల నడుగు నాచారమును, పర్యావరణ దినమునాఁడు వ్యాసరచనపుఁ బోటీలును బలుచోట్లఁ గలవు. ఇట్లు పుట్టెడు రచనారాశిని మన పండితులు విమర్శార్హముగా నెంచరు. వర్ణదోషములు దిద్ది యంకములు వేయుటతో వారి పని ముగియును. కాని యా రాశిలో నొక వాక్యదోషము నానాఁటికి వేరూనుచున్నది. అది వ్యాకరణమాత్రదోషము కాదని నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

నిదర్శనముగా నొక బాలిక రచనలు రెండు పరిశీలింతము. ఆమె బెజవాడలోని పల్లపుఁ బేటలో నివసించుచు 5వ తరగతి చదువుచుండఁగా నీ రెండును వ్రాసినది. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మున్నగు పేటలను ముంచిన వృత్తాంతము చదువరులకు విదితమే. ఆ యేఱు మైలవరపుఁ బ్రాంతపుఁ గొండలనుండి దిగి తుదకుఁ గొల్లేటఁ గలియును. వెలగలేరుకడ దాని వరదనీటిని మళ్లింపుకాలువ ద్వారమునఁ గృష్ణకుఁ బంపు నేర్పాటు కలదు. ఆ కాలువగట్టునకు గండ్లు పడినవి. ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజికడఁ గృష్ణయును 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించెను.

వరద తీసిన పిమ్మట నా బాలిక తన దినచర్యలో నిట్లు వ్రాసికొన్నది:

“మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. బుడమేరు పొంగింది అని పేపర్లో రాశారు. ఏరు పొంగితే పోవడానికి ఏటి పక్కన ఖాళీ ఉండాలి కదా. అక్కడ ఇళ్లు ఎవరు కట్టారు? ఎవరు కట్టనిచ్చారు? మా ఇల్లు కూడా ఏటిలోనే ఉందా? నాన్నను అడిగితే అన్నం తిను అన్నాడు.”

దీని క్రింద నుపాధ్యాయుఁ డెఱ్ఱసిరాతో “వాక్యములకుఁ బొందిక లేదు” అని వ్రాసెను. కొన్ని నెలల తరువాత నామెయే పోటీకై వ్రాసిన వ్యాసము బహుమతి నొందినది. అందలి భాగమిది:

“మానవ కార్యకలాపాల వలన ప్రకృతి నాశనము చేయబడుచున్నది. చెట్లు నరకబడుచున్నవి. చెరువులు ఆక్రమింపబడుచున్నవి. కావున పర్యావరణము పరిరక్షింపబడవలెను.”

మొదటిది వ్యావహారికము, రెండవది గ్రాంథికచ్ఛాయ గలది యను విచార మిచట నప్రస్తుతము. చూడవలసినది వేఱొకటి. రెండవదానియందు వాక్యములు నాలుగు; కర్త యొక్కఁడును లేఁడు. నఱకువాఁ డెవఁడు? ఆక్రమించువాఁ డెవఁడు? రక్షింపవలసినవాఁ డెవఁడు? “కార్యకలాపాల వలన” అని హేతువు మాత్రము పంచమీవిభక్తిలో నొదిఁగియున్నది.

ఇది కర్మణిప్రయోగముయొక్క స్వభావమే కదా యందురేమో. కాదు. క్రియయందు స్వతంత్రుఁడైనవాఁడు కర్తయని పాణిని నిర్వచించెను. క్రియాపదము కర్మనే చెప్పునపుడు కర్త నశింపఁడు. తృతీయావిభక్తిని బొంది వాక్యముననే నిలుచును. సంస్కృతమున నీ ప్రయోగము నింద్యము గాదు. తెనుఁగు వాడుకలోనో యిది యరుదు. ఇంటిలో నే తల్లియు “అన్నము వండఁబడినది” యనదు. అరుదైన యీ ప్రయోగమును దెచ్చి, దానియందును దృతీయాంతమును విడుచుట బాలుర రచనలలో నభ్యాసమగుచున్నది. కర్తను దాఁచుటకే యిది పనికివచ్చుచున్నది.

మన భాషలో దీనికంటె సూక్ష్మమగు మార్గ మింకొకటి కలదు. పూడు-పూడ్చు, తెగు-త్రెంచు, నిండు-నింపు, కాలు-కాల్చు అని ధాతువులు జంటలుగా నున్నవి. “చెఱువు పూడినది” అనునపుడు చెఱువే కర్త. “చెఱువును బూడ్చిరి” అనునపుడు మనుష్యులు కర్తలు. కర్మనే కర్తగా వివక్షించి, అన్నము తనంతఁ దానే యుడుకుచున్నదనుటను శాస్త్రము సమ్మతించును. క్రియ యతిసులభముగా జరిగెనని తెలుపుటకే యా వివక్ష. పూడ్చినవాఁ డుండఁగా నాతని మఱుఁగుపఱచుటకు దానిని వాడరాదు. కొల్లేటినిగూర్చిన పెద్దల రచనలందును నీ దోషము గలదు. 1999లో వన్యప్రాణిసంరక్షణాలయముగాఁ బ్రకటితమై, 2002లో రామ్సార్ చిత్తడినేలల పట్టికకెక్కిన యా సరస్సు “కుంచించుకొనిపోయినది” అని వ్రాయుదురు. 2006లోఁ బ్రభుత్వము తెగఁగొట్టించిన చేఁపలచెఱువుల గట్లు తమంతఁ దాము లేచినవా? వానికిఁ ద్రవ్వినవారు, పెట్టుబడి పెట్టినవారు, చేఁపలు కొన్నవారు నుండిరి.

ఇఁక దినచర్యను జూతము. “ఎవరు కట్టారు?” అని యడిగి బాలిక యాఁగలేదు, “ఎవరు కట్టనిచ్చారు?” అని రెండవ ప్రశ్న వేసినది. మొదటిది ప్రయోజ్యకర్తను, రెండవది ప్రయోజకకర్తను వెదకుచున్నవి. ప్రయోజకునకుఁ గర్తృసంజ్ఞయు హేతుసంజ్ఞయుఁ గూడఁ గలవని పాణినిమతము. ఆజ్ఞాపించువాఁడే కాక, వేఁడుకొనువాఁడును, క్రియకు ననుకూలముగా నాచరించువాఁడును హేతువే యని భర్తృహరి విస్తరించెను. కట్టనిచ్చువాఁడీ మూఁడవ కోవకుఁ జెందును. పెద్ద తరగతుల విద్యార్థులకు బోధింప నెంతో శ్రమపడు విషయమును బదేండ్ల పిల్ల వరదనీటిలో నిలిచి గ్రహించినది. ఆ వాక్యములకుఁ బొందిక లేదనుట సాహసము.

ఇచట రెండాక్షేపములు పుట్టును. లేఁతమనస్సులకు విపత్తుల వార్త లేల, భయము గలుగదా యనునది మొదటిది. నడుములోతు నీటిని జూచిన పిల్లకు వార్త క్రొత్తగాఁ దెచ్చు భయ మేమి? అడిగిన ప్రశ్న కుత్తరము రాకపోవుటయే యామెకు మిగిలిన భయము. కర్తను జెప్పుమని ప్రోత్సహించినచోఁ బిల్లలు తోఁచినవారిపై నిందమోపుదురనునది రెండవది. ఇది బలమైనది. ప్రతి గండికి నపరాధి యుండఁడు. మితిమీఱిన వర్షమును గారణమగును. తెలియని కర్తను గల్పించుట కర్తను లోపింపఁజేయుటకంటెఁ దక్కువ దోషము గాదు. అయిన నీ బాలిక యెవ్వరిని నిందించినది? అడిగినది మాత్రమే. పైఁగా “మా ఇల్లు కూడా” అన్నది. ఆ “కూడా” యను నవ్యయము తన యింటిని, తన తండ్రినిఁ గూడ విచారణలోనికిఁ జేర్చినది. బహుమతి నొందిన వ్యాసమం దంతటి సత్యనిష్ఠ గల పద మొక్కటియు లేదు.

1976లో రాజ్యాంగమునఁ జేర్చిన 51ఏ అధికరణము ప్రకృతిని రక్షించుట ప్రతి పౌరునికి విధి యని చెప్పుచున్నది. అచటఁ గర్త స్పష్టముగా నున్నాఁడు. ఆ విధినే బోధించు మన తరగతిగదిలో నాతఁడు లోపించుట వింత.

కావున నుపాధ్యాయులకు నా విన్నపమిది. బాలుర వ్రాఁతలో “బడు” కనఁబడిన చోటనెల్ల “ఎవరిచేత?” యని ప్రక్కన వ్రాయుఁడు. బాలుఁ డెఱిఁగినచోఁ జెప్పును. ఎఱుఁగనిచో “తెలియదు” అని వ్రాయుట నేర్పుఁడు, దాని కంకములు తగ్గింపకుఁడు. మాదిరి వ్యాసములు వల్లె వేయించుట మానుఁడు. బుడమేటి యొడ్డున నిండ్లు కట్టినదెవరో, కట్టనిచ్చినదెవరో తెలుపవలసినవి రెవిన్యూ పటములును మునిసిపాలిటీ దస్త్రములును. వ్యాకరణము దానిని జెప్పఁజాలదు. ఆ ప్రశ్నను మన యెఱ్ఱసిరా కొట్టివేయకుండుట మాత్రము మన చేతిలోనిది.