ఏడు లక్షల మూడు వేలు

రాయచూరు యుద్ధం మాట వస్తే మన బళ్ళారి సభల్లో వక్తలు ముందుగా చెప్పేది సైన్యం లెక్క. కాల్బలం 7,03,000, గుర్రాలు 32,600, ఏనుగులు 551. తెలుగువాళ్ళమూ ఇదే చెబుతాం, కన్నడ మిత్రులూ ఇదే చెబుతారు. రాయలు ఎవరివాడన్న దగ్గరే పేచీ. లెక్క దగ్గర పేచీ లేదు.

ఈ లెక్క రాసినవాడు న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. యుద్ధం జరిగిన పదిహేనేళ్ళకు విజయనగరంలో ఉండి రాశాడు. యుద్ధం 1522లో జరిగిందన్నాడు. ఆ వృత్తాంతాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1900లో అచ్చువేసిన సీవెల్ దాన్ని రెండేళ్ళు వెనక్కి జరిపి 1520 మే 19 అని తేల్చాడు. తేదీని సరిదిద్దిన సీవెల్ సైన్యం లెక్కను మాత్రం తోసిపుచ్చలేదు. నాకు ఆ చివరి మూడు వేల మీదే అనుమానం. ఉజ్జాయింపు అంకెకు కాస్త చిల్లర తగిలిస్తే నమ్మకం కుదురుతుందని బ్యాంకులో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

అలాగని న్యూనిజ్‌ను పక్కన పెట్టమనడం లేదు. దారిలో మోకాటి లోతైనా లేని ఒక ఏరు, సగం సైన్యం దాటేసరికి ఎండిపోయిందట. వెనక వచ్చినవాళ్ళు నీటి కోసం ఇసుకలో చెలమలు వెతుక్కున్నారు. దండు ఎంతదో ఆ చెలమలు చెప్పినట్టు ఏడు లక్షలు చెప్పలేవు.

మనవాళ్ళు వదిలేసేవి మరి రెండున్నాయి. మొదటిది డబ్బు. గోవాలో గుర్రాలు కొనుక్కురమ్మని రాయలు తన కొలువులోని సీదె మెర్కార్‌కు నలభై వేల పర్దావులు ఇచ్చి పంపాడు. అతడు ఫోండా దాకా వెళ్ళి, ఆ సొమ్ముతో బిజాపూరు ఆదిల్ షా దగ్గరికి పారిపోయాడు. మా భాషలో అడ్వాన్సు సొమ్ము స్వాహా. మనిషిని అప్పగించమంటే ఆదిల్ షా అప్పగించలేదు. రాయచూరు మీద పాత పగ ఉన్నదే, సాకు మాత్రం ఇది.

రెండవది భయం. ఆదిల్ షా ఫిరంగులన్నీ ఒక్కసారి పేలగానే రాయల ముందు వరుస కూలింది, మిగిలినవాళ్ళు వెన్నుచూపారు. రాయలు ఉంగరం తీసి ఒక సేవకుడి చేతికిచ్చాడు. తాను చనిపోతే రాణులకు చూపమని, వాళ్ళు సహగమనం చెయ్యాలని. పారిపోతున్న తనవాళ్ళను నరకమని ఆజ్ఞాపించి, మిగిలిన దళాలతో గుర్రమెక్కి ముందుకు దూకాడు. న్యూనిజ్ ఇక్కడ రాయలను పొగడడు, జరిగింది చెబుతాడు. కోట ముట్టడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తనవాడైన ఫిగరేదోకు, అతని తుపాకీలకు కాస్త ఎక్కువ చోటిచ్చాడు. స్వజనాభిమానం మనకొక్కరికే ఉందా!

గెలిచాక, ఆదిల్ షా వచ్చి తన పాదం ముద్దుపెట్టుకుంటే గెలిచినవన్నీ తిరిగి ఇస్తానన్నాడట రాయలు. ముదగల్లు దాకా వెళ్ళి ఎదురుచూశాడు. ఆదిల్ షా రాలేదు. మన వక్తలు అక్కడిదాకా ఎన్నడూ రారు. రాయచూరు కోట పట్టుబడగానే చప్పట్లు పడతాయి, ఉపన్యాసం ముగుస్తుంది.